పడుకోగానే పీకే కాళ్లు

పగలంతా ఆ కాళ్లకు ఏమీ ఉండదు. వంటింట్లో నిలబడతాయి, మేడ మెట్లెక్కుతాయి, గుడిదాకా నడిచి వస్తాయి. రాత్రి భోంచేసి మంచం మీద నడుం వాల్చగానే మొదలవుతుంది. పిక్కల లోపల ఏదో పాకుతున్నట్టు, ఎముకల్లో జిలపెడుతున్నట్టు, ఎవరో లోపలినుంచి పట్టి గుంజుతున్నట్టు ఉంటుంది. కాలు కదిపితేగానీ ప్రాణం కుదుటపడదు. కదిపితే తగ్గుతుంది, ఆపితే మళ్లీ అదే. అటు దొర్లి, ఇటు దొర్లి, చివరికి లేచి వరండాలో పచార్లు చేయాల్సిందే. ఇల్లంతా నిద్రపోతుంటే డెబ్బై ఏళ్ల మనిషి ఒంటిగంట దాకా అలా తిరుగుతూనే ఉంటుంది. తెల్లవారుజామున ఎప్పుడో కాస్త కన్ను మూతపడుతుంది.

పొద్దున ఈ సంగతి ఇంట్లో చెబితే వచ్చే జవాబు మనందరికీ తెలిసిందే. ‘వయసు మీద పడింది కదమ్మా, అలాగే ఉంటుంది.’ వీధి చివరి ఆర్‌ఎంపీ దగ్గరికి వెళితే ‘నరాల బలహీనత’ అని ఎర్రరంగు బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్ చేస్తాడు. ఇంకాస్త పెద్ద క్లినిక్‌కు వెళితే నిద్రపట్టడం లేదన్న ఒక్క మాట పట్టుకుని అల్ప్రాజోలం రాసిస్తారు. నెలలు గడుస్తాయి. నడక ఆగదు, నిద్ర రాదు.

ఈ బాధకు వైద్యంలో రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్ అని పేరుంది. ఇది మనసు పుట్టించిన బాధ కాదు, ముసలితనపు చాదస్తం అసలే కాదు. మెదడులో జరిగే తేడా వల్ల వచ్చే జబ్బు. చాలామందిలో దీన్ని బాగా తగ్గించవచ్చు. కొందరిలో దాని మూలం రక్తంలో ఇనుము లోపంగానో, రోజూ మింగే మందుల డబ్బాలో ఒక మాత్రగానో దొరుకుతుంది. అందుకే ఈ బాధకు నిద్రమాత్రతో వైద్యం మొదలుపెట్టడం తప్పని గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

జబ్బు కొత్తదీ కాదు. 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు దీన్ని వర్ణించాడు. పడుకోగానే కాళ్లూ చేతులూ ఎగిరిపడుతూ, చిత్రహింసలు పడేవాళ్లలాగా నిద్రకు దూరమయ్యేవాళ్ల గురించి రాశాడు. 1945లో స్వీడన్ నరాల వైద్యుడు కార్ల్ ఆక్సెల్ ఎక్‌బామ్ ఎంతోమంది రోగులను పరిశీలించి దీనికి ఒక రూపం, ఇప్పుడు మనం వాడే పేరు ఇచ్చాడు. అందుకే దీన్ని విల్లిస్-ఎక్‌బామ్ వ్యాధి అని కూడా అంటారు. యూరప్, అమెరికాల్లో పెద్దవాళ్లలో నూటికి అయిదు నుంచి పదిమందికి ఏదో ఒక స్థాయిలో ఉంటుందని లెక్క. ఆసియా దేశాల్లో అంతకన్నా తక్కువ. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు. వయసు పెరిగేకొద్దీ పెరుగుతుంది. అమ్మకు ఉంటే కూతురికీ కొడుక్కీ వచ్చే అవకాశం ఎక్కువ. నెలలు నిండుతున్న గర్భిణులకు కూడా వస్తుంది, కాన్పు తర్వాత సాధారణంగా పోతుంది.

నొప్పి కాదు, కదపాలనే తపన

దీన్ని గుర్తించడానికి స్కానింగ్ అక్కర్లేదు. సరిగా అడిగితే, ఓపిగ్గా వింటే చాలు. చిక్కల్లా అడిగే తీరులోనే ఉంది.

‘ఏమ్మా, కాళ్ల నొప్పులా?’ అని డాక్టరు అడుగుతాడు. ఆవిడకు ఏం చెప్పాలో తోచక ‘ఆ, నొప్పులే బాబూ’ అంటుంది. కాగితం మీద నొప్పి మాత్ర పడుతుంది. అదే డాక్టరు ‘కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నారా?’ అని అడిగితే ఆమె ముఖం విప్పారుతుంది. ‘అదే బాబూ, అదే! నొప్పంటే నొప్పి కాదు. ఊరుకోనివ్వదు. మా మనవణ్ణి పిలిచి కాళ్లు తొక్కమంటాను, అప్పుడు కాస్త హాయిగా ఉంటుంది.’

నాలుగు సంగతులు కలిసి రావాలి. కాళ్లు కదపాలనే ఆపుకోలేని తపన ఉండాలి. అది కూర్చున్నప్పుడో పడుకున్నప్పుడో మొదలవ్వాలి, లేదా ముదరాలి. కదిపినా నడిచినా, కనీసం ఆ కదలిక సాగినంతసేపైనా, తగ్గాలి. పొద్దుటికన్నా సాయంత్రం, రాత్రి ఎక్కువగా ఉండాలి. ఇవన్నీ ఉండి, ఈ లక్షణాలు వేరే జబ్బువి కావని తేలితే ఇది రెస్ట్‌లెస్ లెగ్స్ అన్నమాటే. రాత్రి బస్సులో విశాఖ నుంచి హైదరాబాదు వచ్చేటప్పుడు సీట్లో కూర్చోలేక మధ్యలో నిలబడేవాళ్లు, సినిమా సగంలో లేచి బయటికి వెళ్లేవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే విమానంలో గంటలకొద్దీ నడవలో తిరిగేవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇది ఒక జబ్బని ఎప్పుడూ వినలేదు. కూర్చుని కాళ్లు ఊపితే ఇంటికి దరిద్రం అని చిన్నప్పటినుంచీ తిట్లు తిన్నవాళ్లు, ఈ బాధను బయటికి చెప్పడానికే మొహమాటపడతారు.

వేరే జబ్బువి కావని తేలాలి అన్నాను కదా, అక్కడ కాస్త ఆగాలి. పెద్ద వయసులో కాళ్లకు ఒకే బాధ ఉండదు. అర్ధరాత్రి ఉన్నట్టుండి పిక్క పట్టేసి, కండ రాయిలా బిగుసుకుపోయి కేక పెట్టిస్తే అది కండరం పట్టేయడం. పాదాన్ని మోకాలి వైపు లాగి సాగదీస్తే వదులుతుంది. చేత్తో తడిమితే గడ్డ కట్టినట్టు తెలుస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్‌లో అలా బిగుసుకోవడం ఉండదు. షుగరు ఏళ్లతరబడి ఉన్నవాళ్లకు అరికాళ్లు మండుతాయి, మొద్దుబారతాయి, దూది మీద నడిచినట్టు ఉంటుంది. అది నరాలు దెబ్బతినడం. నడిచినంత మాత్రాన పోదు. మోకాళ్ల అరుగుదల నొప్పి నడిస్తే పెరుగుతుంది, ఇది నడిస్తే తగ్గుతుంది. ఆ ఒక్క తేడా చాలు రెంటినీ విడదీయడానికి. ఉబ్బిన సిరల బరువు నిలబడినకొద్దీ ఎక్కువవుతుంది. అయితే ఒకే మనిషికి షుగరు మంటా, మోకాళ్ల నొప్పీ, ఈ పీకుడూ మూడూ ఉండొచ్చు. అప్పుడు ఏ బాధ ఏ వేళకు వస్తుందో వారం రోజులు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లడం డాక్టరుకు పెద్ద సాయం.

రిపోర్టులో నార్మల్, మెదడులో కొరత

ఇప్పుడు అసలు కథ. ఈ జబ్బున్నవాళ్ల మెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చోట ఇనుము తక్కువగా ఉంటుందని ఎంఆర్‌ఐ పరీక్షల్లోనూ, చనిపోయాక మెదడును పరీక్షించినప్పుడూ తేలింది. డోపమైన్ అనే రసాయనం తయారవ్వాలంటే ఇనుము కావాలి. కదలికలను అదుపులో పెట్టే వ్యవస్థకు ఆ డోపమైన్ కావాలి. ఇనుము తగ్గితే ఆ వ్యవస్థ గతి తప్పుతుంది. మెదడులో ఇనుము, డోపమైన్ల పనితీరు రోజంతా ఒకేలా ఉండదు, రాత్రికి మారుతుంది. పగలు బాగున్న కాళ్లు రాత్రి పీకడానికి అదొక కారణమని భావిస్తున్నారు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, 12 ఉంది కాబట్టి రక్తం బాగానే ఉందనుకుంటారు. హిమోగ్లోబిన్ తగ్గకముందే ఒంట్లో ఇనుము నిల్వలు ఖాళీ అవుతాయి. ఆ నిల్వలను చూపేది ఫెరిటిన్ పరీక్ష. అందులోనూ ఒక మెలిక ఉంది. ల్యాబ్ కాగితం మీద ఫెరిటిన్ 25 అనో 30 అనో వస్తే పక్కన ‘నార్మల్’ అనే ఉంటుంది. ఆ నార్మల్ రక్తహీనత లెక్కకు సరిపోతుందేమో, ఈ జబ్బుకు సరిపోదు. అమెరికా నిద్రవైద్య అకాడమీ 2025లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్న పెద్దవాళ్లలో ఫెరిటిన్ మిల్లీలీటరుకు 75 నానోగ్రాములు, అంతకన్నా తక్కువ ఉన్నా, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్ ఎంత నిండి ఉందో చెప్పే లెక్క) 20 శాతం కన్నా తక్కువ ఉన్నా ఇనుము ఇవ్వాలి. 75 నుంచి 100 మధ్య ఉంటే మాత్రలతో పని జరగదు, సెలైన్‌లా నరం ద్వారా ఇచ్చే ఇనుము గురించి ఆలోచించాలి. పరీక్ష పొద్దున్నే చేయించాలి, ముందురోజు ఐరన్ మాత్ర వేసుకోకుండా ఉండాలి. జ్వరం, కీళ్లవాపు లాంటివి ఉన్నప్పుడు ఫెరిటిన్ అబద్ధంగా పెరిగి కనిపిస్తుంది. అందుకే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ కూడా చూస్తారు.

పరీక్ష చేయించకుండా మందుల షాపులో ఐరన్ మాత్రలు కొనుక్కుని మింగొద్దు. ఇనుము ఎక్కువైనా కాలేయానికీ గుండెకూ చేటే. డాక్టరు రాస్తే, రోజు విడిచి రోజు వేసుకోవడం చాలామందికి బాగా ఒంటబడుతుంది, కడుపులో ఇబ్బందీ తక్కువ. పరగడుపున నిమ్మరసంతోనో ఉసిరి రసంతోనో వేసుకుంటే ఇనుము బాగా పీల్చుకుంటుంది. టీ, కాఫీ, పాలు, క్యాల్షియం మాత్ర, ఇవేవీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. మన ఇళ్లలో పొద్దున మాత్రలన్నీ ఒకేసారి అరచేతిలో పోసుకుని కాఫీతో మింగే అలవాటుంది. ఆ ఐరన్ మాత్ర చాలావరకు వృథా అయినట్టే. మూడు నెలల తర్వాత మళ్లీ ఫెరిటిన్ చూడాలి. ఫలితం కనబడటానికి వారాలు పడుతుంది, పదిరోజులకే మానేయొద్దు.

తోటకూర, గోంగూర తింటే చాలదా అని అడుగుతారు. తినండి, మంచిదే. కానీ ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. తరిగిపోయిన నిల్వలు నిండటానికి అది చాలదు. మాంసం, చేపలు తినేవాళ్లకు కాస్త నయం.

ఇంకో ముఖ్యమైన మాట. అరవై దాటినవాళ్లలో ఇనుము తగ్గిందంటే, ఎందుకు తగ్గిందని వెతకాల్సిందే. మోకాళ్ల నొప్పికి ఏళ్లతరబడి వాడిన మాత్రలు, గుండెకు వేసుకునే ఆస్పిరిన్ కడుపులో పుండు చేసి కొద్దికొద్దిగా రక్తం కారేలా చేస్తాయి. మొలల వల్ల పోవచ్చు. పెద్దపేగు క్యాన్సర్ మొదటి ఆనవాలు కూడా కొన్నిసార్లు ఇదే. మలం నల్లగా తారులా వస్తున్నా, ఆకలి తగ్గి బరువు పడిపోతున్నా కాళ్ల సంగతి పక్కనపెట్టి ముందు ఆ పరీక్షలు చేయించాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటున్నప్పుడు కూడా మలం నల్లబడుతుంది. ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

ఉద్దానంలో, డయాలసిస్ మంచం మీద

మూత్రపిండాల జబ్బుకీ ఈ కాళ్ల బాధకీ దగ్గరి సంబంధం. డయాలసిస్ చేయించుకునేవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి ఇది ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తేలని మూత్రపిండాల వ్యాధి దశాబ్దాలుగా ఊళ్లకు ఊళ్లనే కుంగదీస్తోంది. అక్కడ డయాలసిస్ అన్నమాట తెలియని ఇల్లు అరుదు. ఆ యంత్రం పక్కన నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఈ జబ్బున్న మనిషికి ఆ నాలుగు గంటలు ఎలా ఉంటాయో ఆలోచించండి. చేతికి సూదులు ఉంటాయి, లేవడానికి లేదు, కాళ్లు మాత్రం లేచి పరిగెత్తమంటాయి. భరించలేక గడువుకు ముందే తీసేయమనేవాళ్లుంటారు. అలా సమయం తగ్గిస్తే రక్తం సరిగా శుభ్రపడదు, ప్రాణానికే ముప్పు. డయాలసిస్ రోగులు ఈ బాధను టెక్నీషియన్‌కో నర్సుకో తప్పకుండా చెప్పాలి. వాళ్లకు ఇనుము లెక్కలు వేరు, మందుల మోతాదులు చాలా తక్కువ. మూత్రపిండం మార్పిడి విజయవంతంగా జరిగితే చాలామందిలో ఈ బాధ తగ్గుతుంది.

మందుల డబ్బా తీసి చూడండి

పెద్దవాళ్ల వైద్యంలో నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఈ భాగమే. ఎందుకంటే ఇది మనం చేజేతులా తెచ్చుకునేది.

డోపమైన్‌ను అడ్డుకునే మందులు ఈ జబ్బును రెచ్చగొడతాయి. అవి మానసిక జబ్బులకు వాడే మందులే అనుకుంటాం. కాదు. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ అలాంటిదే. తల తిరుగుడుకు రాసే ప్రోక్లోర్‌పెరాజిన్ అలాంటిదే. గ్యాస్ మాత్ర అని మన దగ్గర నెలలతరబడి వాడేస్తున్న కొన్ని క్యాప్సూల్స్‌లో పాంటోప్రజోల్‌తోనో రాబెప్రజోల్‌తోనో కలిసి లెవోసల్పిరైడ్ అనే మందు ఉంటుంది. అదీ మెదడులోకి వెళ్లి డోపమైన్‌ను అడ్డుకునేదే. పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం లాంటి పార్కిన్సన్ లక్షణాలను తెచ్చిపెడుతుందని నరాల వైద్యులు తరచూ హెచ్చరిస్తున్నారు. కడుపుబ్బరానికి పదిరోజులకని రాసిన మాత్రను మూడేళ్లు వేసుకునేవాళ్లు మనకు కొత్త కాదు. మీ ఇంట్లో గ్యాస్ మాత్ర అట్ట వెనుక సన్నటి అక్షరాల్లో ఆ పేరుందేమో ఒకసారి చూడండి.

జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, మత్తు వచ్చే దగ్గు సిరప్‌లలో ఉండే డైఫెన్‌హైడ్రమిన్ కూడా కాళ్ల పీకుడును పెంచుతాయి. నిద్ర పడుతుంది కదా అని వీటినే రాత్రిళ్లు వేసుకునేవాళ్లు ఉన్నారు. మత్తు ఒకపక్క, కాళ్లు ఒకపక్క లాగుతుంటే అది మరీ నరకం. దిగులుకూ, షుగరు మంటకూ, నిద్రకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మిర్టజపిన్, ఇంకా చాలా డిప్రెషన్ మందులూ ఈ జాబితాలోవే. ఇవన్నీ చెడ్డ మందులని కాదు. వాటి అవసరం వాటికుంది. చెప్పా పెట్టకుండా ఆపేస్తే వేరే ప్రమాదం. కాళ్ల బాధ ఎప్పుడు మొదలైంది, ఏ మందు మొదలుపెట్టాక ముదిరింది అన్నది పట్టుకుంటే డాక్టరు వేరే మందుకు మార్చగలరు.

మోకాలు మార్పిడి ఆపరేషన్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆపరేషన్‌లో కొంత రక్తం పోతుంది, ఇనుము తగ్గుతుంది. కాలు కదపకుండా మంచం మీద ఉండాలి. వాంతులకు మెటోక్లోప్రమైడ్ ఇస్తారు. మూడూ ఒకేరోజు కలిసొస్తే, అంతవరకు అప్పుడప్పుడూ వచ్చే పీకుడు ఆ రాత్రి తాండవమాడుతుంది. నర్సులు దాన్ని ఆపరేషన్ నొప్పి అనుకుంటారు. ఈ జబ్బు ఉందని ముందే తెలిస్తే మత్తు డాక్టరు వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటిది వాడతారు, ఫెరిటిన్ ఆపరేషన్‌కు ముందే చూస్తారు. చెప్పాల్సిన బాధ్యత మాత్రం మనదే.

మందులు మారిన తీరు

1982లో టర్కీ వైద్యుడు అక్‌పినార్ పార్కిన్సన్ మందు లెవోడోపా ఈ జబ్బుకు పనిచేస్తుందని చూపాడు. ఆ తర్వాత ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వచ్చాయి. మొదటి రాత్రే కాళ్లు శాంతిస్తే ఎవరికి సంబరంగా ఉండదు? ఏళ్ల మీద అసలు రంగు బయటపడింది. రాత్రి పదికి వచ్చే బాధ సాయంత్రం ఆరుకే రావడం, తర్వాత మధ్యాహ్నానికే రావడం, కాళ్లనుంచి చేతులకు పాకడం, మోతాదు పెంచినకొద్దీ జబ్బు ఇంకా ముదరడం. దీన్ని ఆగ్‌మెంటేషన్ అంటారు. కొందరిలో అదుపులేని జూదం, అవసరం లేనివి కొనడం లాంటి వ్యసనాలూ కనిపించాయి. పేకాట ముట్టని పెద్దాయన హఠాత్తుగా ఫోన్‌లో డబ్బులు పందెం కాస్తుంటే ఇంట్లోవాళ్లు బుద్ధి చెడిందనుకుంటారు గానీ మందు మీద అనుమానం రాదు.

అందుకే 2025 మార్గదర్శకాల్లో ఆ మందులను మామూలుగా వాడొద్దన్నారు. ముందు ఇనుము సరిచేయడం, తర్వాత గాబాపెంటిన్, ప్రీగాబలిన్ లాంటివి వాడటం ఇప్పటి పద్ధతి. వీటికీ ఇబ్బందులున్నాయి. తల తూలుతుంది, ప్రీగాబలిన్‌తో పాదాలు వాయొచ్చు. మూత్రపిండాలు మందగించిన వయసులో చిన్న మోతాదుతో, రాత్రిపూట మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. తూలి బాత్‌రూమ్‌లో పడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంటే కాళ్ల పీకుడు కన్నా అది పెద్ద కష్టం. ఇప్పటికే ప్రమిపెక్సోల్ వాడుతున్నవాళ్లు ఈ వ్యాసం చదివి ఆపేయొద్దు. హఠాత్తుగా ఆపితే బాధ తిరగబడుతుంది, కొన్ని వారాలు పట్టి నెమ్మదిగా తగ్గించాల్సిన మందు అది. క్లోనజెపామ్ ఈ కాళ్ల బాధకు మన దగ్గర విరివిగా రాస్తున్నా, దాన్ని కూడా మామూలుగా వాడొద్దనే ఆ మార్గదర్శకాలు చెబుతున్నాయి.

నిద్రలో తన్నేవాళ్లు

రెస్ట్‌లెస్ లెగ్స్ మెలకువలో ఉండగా పడే బాధ. నిద్రలో కాళ్లు కదలడం ఇంకో సంగతి. ఇరవై, నలభై సెకన్లకు ఒకసారి బొటనవేలు పైకి లేచి, చీలమండ వంగి, మోకాలు కాస్త ముడుచుకుంటుంది. గంటకు పదుల సార్లు జరిగినా ఆ మనిషికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకు తెలుస్తుంది. రెస్ట్‌లెస్ లెగ్స్ ఉన్నవాళ్లలో నూటికి ఎనభైమందికి ఇది ఉంటుంది. ఏ బాధా లేని పెద్దవాళ్లలోనూ కనిపిస్తుంది. నిద్ర చెడకపోతే దీనికి మందు అక్కర్లేదు. గట్టిగా గురకపెడుతూ మధ్యమధ్య ఊపిరి ఆగేవాళ్లకు కాళ్లు కూడా ఎగిరిపడుతుంటే, ముందు గురకకు వైద్యం చేయించాలి. నిద్ర పట్టే క్షణంలో గోతిలో జారిపడినట్టు ఒళ్లు ఉలిక్కిపడటం మాత్రం అందరికీ ఉండేదే, దానికి భయపడక్కర్లేదు.

భయపడాల్సింది కాకపోయినా, పట్టించుకోవాల్సింది ఒకటుంది. యాభై దాటినవాళ్లు, ఎక్కువగా మగవాళ్లు, తెల్లవారుజామున కలలో ఎవరితోనో పోట్లాడుతూ నిజంగానే గుద్దుతారు, కేకలు వేస్తారు, మంచం మీంచి దూకుతారు. లేపితే వెంటనే తేరుకుని ‘కుక్క మీదపడింది, తన్నాను’ అని కల చెబుతారు. తన్ను తిన్నది పక్కనున్న భార్య. మామూలుగా కలలొచ్చే నిద్రలో ఒంటి కండరాలు చచ్చుబడినట్టు ఉంటాయి. వీళ్లలో ఆ కట్టు తెగిపోతుంది. దీన్ని ఆర్‌ఈఎం నిద్ర ప్రవర్తన రుగ్మత అంటారు. 1986లో అమెరికాలోని మినియాపొలిస్‌లో కార్లోస్ షెంక్, మార్క్ మహోవాల్డ్ దీన్ని మొదట వివరంగా నమోదు చేశారు. తర్వాత తేలిన సంగతి ఇంకా ముఖ్యం. చాలామందిలో ఇది ఏళ్ల తర్వాత రాబోయే పార్కిన్సన్ జబ్బుకో, ఆ కోవకు చెందిన మతిమరుపు జబ్బుకో ముందస్తు గుర్తు. 1,280 మందిని గమనించి 2019లో ప్రచురించిన అంతర్జాతీయ అధ్యయనంలో ఏటా నూటికి ఆరుగురు చొప్పున అటు మళ్లారు. వాసన తెలియకపోవడం, మొండి మలబద్ధకం కూడా తోడుంటే నరాల వైద్యుణ్ణి కలవాల్సిందే. డిప్రెషన్ మందుల వల్ల కూడా ఇది రావొచ్చు, కాబట్టి తేల్చేది వీడియోతో చేసే నిద్ర పరీక్షే. మెలటోనిన్, కొందరికి క్లోనజెపామ్ పనిచేస్తాయి.

మన ఇళ్లలో ఇలాంటివాళ్లకు గాలి సోకిందంటారు, దిష్టి తీస్తారు, పీడకలలు రాకుండా తలగడ కింద కత్తో కత్తెరో పెడతారు. నిద్రలో చేయి విసిరే మనిషి తలగడ కింద కత్తి పెట్టడం ఎంత ప్రమాదమో వేరే చెప్పక్కర్లేదు. వెంటనే తీసేయండి. మంచం పక్కన గాజు సామాను, పదునైన అంచులున్న బల్ల ఉంచొద్దు. మంచం పక్కన నేల మీద పరుపు వేయండి. కొన్నాళ్లు భార్య వేరే మంచం మీద పడుకోవడం అవమానం కాదు, జాగ్రత్త.

మతిమరుపు ముదిరినవాళ్ల సంగతి మరీ దయనీయం. కాళ్లు పీకుతున్నాయని నోటితో చెప్పలేరు. సాయంత్రం కాగానే లేచి తిరుగుతారు, పిక్కలు రుద్దుకుంటారు, దుప్పటి తన్నేస్తారు, కూర్చోబెడితే చిరాకుపడతారు. పిచ్చి ముదిరిందని మత్తు పెంచుతారు, ఆ మత్తుమందు డోపమైన్‌ను అడ్డుకునేదైతే తిరుగుడు ఇంకా ఎక్కువవుతుంది. అలాంటివాళ్లు కాళ్లు రుద్దుతుంటే ఊరుకుంటున్నారా అన్నది గమనించి డాక్టరుకు చెప్పండి.

ఇంట్లో చేసుకోగలిగినవి చాలానే ఉన్నాయి. సాయంత్రం టీ, కాఫీ మానాలి, మద్యం, చుట్ట, సిగరెట్ కూడా. పగటిపూట మితంగా నడక, పడుకునే ముందు పిక్కలు సాగదీయడం, గోరువెచ్చని నీళ్లతో స్నానం, నువ్వులనూనెతో మర్దన, ఇవన్నీ కాసేపైనా ఊరటనిస్తాయి. పిక్కలకు చీర చెంగో తుండుగుడ్డో చుట్టి కట్టుకునే పాత అలవాటులోనూ అర్థముంది, ఒత్తిడి తగిలితే పీకుడు తగ్గుతుంది. కానీ షుగరుండి కాళ్లు మొద్దుబారినవాళ్లు బిగించి కట్టొద్దు, వేడినీళ్ల సీసాతో కాపడం పెట్టొద్దు. చర్మం కాలినా వాళ్లకు తెలియదు. మనసు లగ్నమైన పనిలో ఉన్నప్పుడు బాధ తక్కువగా ఉంటుంది, అందుకే బస్సులో విమానంలో పదవినోదమో, పేపర్‌లోని సుడోకో దగ్గర పెట్టుకోవడం మేలు. విమానంలో అయితే నడవ పక్క సీటు అడిగి తీసుకోండి.

ఈసారి అమ్మనో నాన్ననో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేటప్పుడు, గ్యాస్ మాత్ర నుంచి జలుబు మాత్ర దాకా ఇంట్లో వాడే మందులన్నీ ఒక సంచిలో వేసి పట్టుకెళ్లండి. ‘కాళ్ల నొప్పులు’ అని కాకుండా, ‘రాత్రి పడుకుంటే కాళ్లు కదపకుండా ఉండలేకపోతున్నారు, నడిస్తే తగ్గుతోంది’ అని చెప్పండి. నిద్రమాత్ర రాయబోతుంటే, ఒక్కసారి ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ పరీక్షలు చూద్దామా డాక్టరుగారూ అని మీరే అడగండి.